కథాసరిత్సాగరము: లంబక పఠనక్రమ విచారము

ఇటీవల మా సాలూరిలో నొక పాఠశాలా విద్యార్థి నాయొద్దకు వచ్చి, ఆంగ్లభాషయందు లూయిస్ అను నాతఁడు రచించిన నార్నియా కథలలో నేది ముందు చదువవలయునని యడిగెను. ఆ గ్రంథముల పేరైనను నేనప్పటికి వినియుండలేదు. వానినే యడిగి తెలిసికొన్న దేమనఁగా, అవి యేడు. 1950వ సంవత్సరమున వెలువడిన మొదటి కథలో బాలురు కొందఱు ఒక వస్త్రపేటిక లోపలినుండి మాయాలోకమునఁ బ్రవేశింతురు. ఆ లోక మెట్లు పుట్టినదో చెప్పు కథ 1955లో, ఆఱవ పుస్తకముగా వెలువడినది. అచ్చుపడిన వరుసఁ జదువవలయునా, జరిగిన వరుసఁ జదువవలయునా యని యచ్చటి చదువరులు నేఁటికిని వాదించుకొనుచున్నారఁట. 1957లో నొక బాలుఁడు జరిగిన వరుసయే మేలనఁగా గ్రంథకర్త వానితో నేకీభవించుచు జాబు వ్రాసెనఁట. తరువాతి ముద్రణములలో సంఖ్యలు సైతము మార్చఁబడినవి. అయినను వివాదము తీఱలేదు. నేను వానిని అచ్చుపడిన వరుసనే చదువుమని పంపితిని. పంపినపిదప నా సమాధానమునకు హేతు వేమని నన్ను నేనే ప్రశ్నించుకొనఁగా వెంటనే చెప్పఁజాలకపోయితిని. ఈ వ్యాస మా యసంతృప్తినుండి పుట్టినది.

మన వాఙ్మయమున నీ చిక్కు క్రొత్తది కాదు. నన్నయభట్టారకుఁ డరణ్యపర్వమును నడుమ విడువఁగాఁ దిక్కన విరాటపర్వముతో నారంభించెను. ఎఱ్ఱన పిమ్మట వచ్చి యరణ్యపర్వశేషమును బూరించెను. రచనాక్రమ మొకటి, కథాక్రమ మొకటి. స్వర్గారోహణపర్వము ముగించి యరణ్యపర్వశేషమును జదువువాఁ డెవఁడును లేఁడు. అయినను వానలు వెనుదీసిన యేఁట మన పల్లెలలో విరాటపర్వముతోనే పురాణము మొదలగుచుండెను గదా. అది ప్రయోజనమును బట్టి యేర్పడిన మూఁడవ క్రమము. మధిర సుబ్బన్నదీక్షితకవిగారి కాశీమజిలీకథలు పండ్రెండు భాగములు. అందు మణిసిద్ధుఁడను యతి కాశీయాత్రకుఁ బోవుచు, వెంట వచ్చు గోపబాలకుఁడు దారిలోఁ జూచిన వింతల నడుగఁగా మజిలీమజిలీకిఁ గథ చెప్పును. అచ్చట బాటయే క్రమము. ఒక మజిలీలోఁ దెగిన కథ మఱియొక మజిలీలో నందుకొనఁబడుచుండుటచే, ఏ గ్రంథాలయముననో చిరిగి మిగిలిన యొక భాగమును మాత్రము చదివినవానికి మొదలును దెలియదు, తుదయును దెలియదు. విశ్వనాథ సత్యనారాయణగారి పురాణవైర గ్రంథమాల పండ్రెండు నవలలకు, “భగవంతునిమీఁది పగ” మొదలుకొని “నివేదిత” వఱకు, మగధరాజవంశముల యానుపూర్వియే త్రాడు. ఇవన్నియు సులభములు. నిజముగాఁ జిక్కుపడినది వీనికెల్ల పితామహస్థానమున నున్న బృహత్కథ. ఆ గ్రంథము శాతవాహనుల నాఁటిదని ప్రసిద్ధి. దానికిఁ గర్తయైన గుణాఢ్యుఁడు ప్రతిష్ఠానమున శాతవాహనునకు మంత్రి యని కథ చెప్పుచున్నది. కావున నాంధ్రులమైన మన కిందు విచారాధికారము లేకపోలేదు.

పైశాచీమూలము నేఁడు లేదు. దానికి సంస్కృతరూపములుగా మనకు మూఁడు దొరకినవి: కాశ్మీరమున క్షేమేంద్రుని బృహత్కథామంజరి, అచ్చటనే కొలఁది కాలమునకుఁ దరువాత అనంతరాజు భార్యయైన సూర్యమతీదేవి ప్రీతికై సోమదేవభట్టు రచించిన కథాసరిత్సాగరము, నేపాళమున దొరకిన బుధస్వామి బృహత్కథాశ్లోకసంగ్రహము. సోమదేవుని గ్రంథమున 18 లంబకములు, 124 తరంగములు. శ్లోకములు ఇరువదియొకవేలకుఁ బైఁబడును. దీనిని దుర్గాప్రసాద పండితులు 1889లో నిర్ణయసాగరమున నచ్చొత్తించిరి. తెనుఁగున వేదము వేంకటరాయశాస్త్రిగారి వచనము కలదు. క్షేమేంద్రుని గ్రంథమునను లంబకములు 18. పేళ్లును దాదాపుగా నవియే. మొదటి యయిదు, అనఁగా కథాపీఠము, కథాముఖము, లావాణకము, నరవాహనదత్తజననము, చతుర్దారిక, ఇరువురయందును ఒకే వరుసలో నున్నవి. ఆఱవదానినుండి దారులు చీలిపోవుచున్నవి. సోమదేవుఁ డెనిమిదవదిగాఁ జెప్పిన సూర్యప్రభలంబకము క్షేమేంద్రున కాఱవది. సోమదేవుని కడపటి విషమశీలలంబకము క్షేమేంద్రునకుఁ బదియవది. సోమదేవుఁ డేడవదిగాఁ బెట్టిన రత్నప్రభ క్షేమేంద్రునిలోఁ బదునాలుగవదై పోయినది. ఇరువురును ఒకే మూలమును ఎదుట నుంచుకొనిరని యంగీకరించినచో, ఒకరు మార్చినట్లు ఒప్పుకొనక తప్పదు. 1908లో ఫ్రాన్సుదేశీయుఁడైన లాకోత్, ఓలందుదేశీయుఁడైన స్పేయర్ వేర్వేఱుగా దీనిని జర్చించిరి. ఆంగ్లానువాదమును పది సంపుటములుగాఁ బ్రకటించిన పెంజరును తుదిసంపుటములలో దీనిని మరల నెత్తుకొనెను. వారి విచార మంతయు మూలమున నే క్రమ ముండెనని. నా విచారము వేఱు: నేఁ డొక పండితుఁడు నలువురి ముందు దీనిని జదువ నుద్యమించునేని, ఏ వరుసఁ జదువవలయును?

మీమాంసకులు క్రమమును నిర్ణయించు ప్రమాణములను ఆఱింటిఁ జెప్పిరి. అందుఁ బాఠక్రమముకంటె నర్థక్రమము బలవత్తరము. అగ్నిహోత్రమునకు హోమము ముందు చెప్పఁబడి, గంజి వండుట వెనుకఁ జెప్పఁబడినను, వండనిదే హోమము పొసఁగదు గావున వంటయే ముందు. ఈ న్యాయమును జూచి నేను చాలకాలము సోమదేవుని పాఠక్రమమును అర్థక్రమముచే బాధింపవచ్చునని తలఁచుచుంటిని. అట్లు తలఁచుటకుఁ గారణ మున్నది.

నాయకుఁడైన నరవాహనదత్తునకు ఆఱవలంబకమున మదనమంచుకతో వివాహ మగును. ఆమె రతీదేవి యవతారము, అతఁడు మన్మథుఁడు. ఆ పిమ్మట రత్నప్రభ, అలంకారవతి, శక్తియశస్సు భార్యలగుదురు. పండ్రెండవలంబకమున లలితలోచన యను విద్యాధరి యాతనిని మలయపర్వతమునకుఁ గొనిపోవును. అచ్చట నాతఁడు మదనమంచుకను దలఁచుకొని మూర్ఛిల్లఁగా, పిశంగజటుఁడను ముని యాశ్రమమునకుఁ దోడ్కొనిపోయి, నీవలెనే ప్రియావియోగము ననుభవించి తుదకు సుఖపడినవాఁ డొకఁడు కలఁడని మృగాంకదత్తుని కథ చెప్పును. పదుమూఁడవ లంబకమునను ఇట్లే, వియోగార్తుఁడైన నాయకుని నూఱడించుటకే మదిరావతి కథ. బాగుగనే యున్నది; కాని యామెను ఎవఁడెత్తుకొనిపోయెను? ఎవఁడును ఎత్తుకొనిపోలేదు. ఆమె కౌశాంబిలో సుఖముగా నున్నది. మానసవేగుఁడను విద్యాధరుఁ డామెను హరించుట పదునాలుగవ లంబకమునఁ గాని రాదు. ఓదార్పు ముందు, దుఃఖము వెనుక! హోమమైన పిదప గంజి వండినట్లే యున్నది గదా.

ఇంతటితోఁ దీఱలేదు. పదునేడవ పద్మావతీలంబకమును, పదునెనిమిదవ విషమశీలలంబకమును జూడుఁడు. అప్పటి కాతఁడు చక్రవర్తియై కశ్యపాశ్రమమున నున్నాఁడు. నాఁడు మదనమంచుక హరింపఁబడినప్పు డెట్లు సహించితివని యడుగఁగా, అప్పుడు గోముఖుఁ డీ కథ చెప్పెను, కణ్వమహర్షి యా కథ చెప్పెను అని యాతఁడు స్మరించును. అనఁగా వియోగకాలపు టోదార్పుకథలు నాలుగు. రెండు అపహరణమునకు ముందే పడినవి, రెండు పట్టాభిషేకమునకుఁ బిమ్మట స్మృతిరూపమునఁ జేరినవి. నిజముగా నుండవలసిన చోట నొక్కటియు లేదు. క్షేమేంద్రునిలోనో, వేలాలంబకాంతముననే యపహరణము. వెంటనే శశాంకవతి, విషమశీల, మదిరావతి, పద్మావతి వరుసగా నాలుగును. తరువాత పంచలంబకమున భార్యాన్వేషణము. అర్థక్రమమునకుఁ బాఠక్రమ మచ్చుగుద్దినట్లు సరిపోయినది. ఇచ్చటఁ దీర్పు క్షేమేంద్రునకే యని యెవరైనఁ జెప్పుదురు. (ఆ క్షేమేంద్రుఁడే పంచలంబకమున విద్యాధరలోకమునఁ దిరిగివచ్చిన నాయకుని మరల రత్నప్రభాదుల పెండ్లిముచ్చటలకుఁ దీసికొనిపోయి, పిమ్మట మహాభిషేకమునకుఁ ద్రిప్పుట చూచినచో నాతని పక్షమును దీసికొనువా రొక్కించుక జంకుదురు. ఆ మాట యట్లుండనిండు.)

ఇచ్చట లంబకశబ్దమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. పఠనక్రమమున కిది మూలము. లంబకమనఁగా వ్రేలాడునది యను నర్థము “లబి” ధాతువువలన వచ్చును. ఒక గ్రంథభాగమున కా పేరు పొసఁగదు. లభధాతువునకు శప్, లిట్టులు తప్ప అజాదిప్రత్యయము పరమగునపుడు నుమాగమము విధింపఁబడినది గావున లంభమను రూపము సిద్ధించును. దాని కర్థము పొందుట. ప్రాకృతమున సంఘదాసగణి రచించిన వసుదేవహిండియందు విభాగములకు లంభమనియే పేరు. ఆ గ్రంథము బృహత్కథకు జైనరూపమని 1938లో ఆల్స్‌డోర్ఫ్ నిరూపించెను. ఒక్కొక్క లంభము నాయకుఁ డొక్కొక్క కన్యను బొందుట. భకారము బకారమైనది లేఖకదోషమో, కాశ్మీరోచ్చారణమో యేమైనను గానిండు. అర్థము మాత్రము నిశ్చితము.

ఈ యర్థమును బట్టి సోమదేవుని లంబకములను బరీక్షించినచో నొక విశేషము కానవచ్చును. మదనమంచుక, రత్నప్రభ, అలంకారవతి, శక్తియశస్సు, ఒక్కటిగా వరింతుమని ప్రతిన పట్టిన పంచకన్యకలు: వీరు నాయకుని లంభములు. శశాంకవతియో, మృగాంకదత్తుని భార్య. మదిరావతి యొక బ్రాహ్మణకుమారుని ప్రియురాలు. పద్మావతి ముక్తాఫలకేతునిది. వేల యొక యుపకథలోని నాయిక. సూర్యప్రభుఁడును విషమశీలుఁడును స్త్రీలే కారు. సురతమంజరి యవంతివర్ధనుని భార్య. ఇవన్నియు నాయకుఁడు వినిన కథలు గాని, పొందిన లంభములు గావు. పేరొక్కటే; జాతులు రెండు. మొదటి జాతిలో ననువృత్తి కలదు. రత్నప్రభ వచ్చునప్పటికి మదనమంచుక యున్నదని తెలియవలయును. శక్తియశస్సు వివాహమునకు మాసము గడువుండుట తెలిసినఁగాని, ఆ గడువును గడపుటకు గోముఖుఁడు పంచతంత్రకథలు చెప్పుటలోని స్వారస్యము తెలియదు. అష్టాధ్యాయిలో నొక సూత్రపదము తరువాతి సూత్రములకు దిగివచ్చినట్లు, ఇచ్చటఁ బాత్రలును ప్రతిజ్ఞలును దిగివచ్చుచుండును. వీనిని దాఱుమాఱు చేసినచోఁ గౌముదీకారులవలె ప్రతిచోటను వృత్తి వ్రాసి లోపమును బూరింపవలసియుండును. రెండవజాతికి అట్టి నిర్బంధము లేదు. అవి యెత్తి మఱియొకచోట నుంచినను విఱుగవు. కాశ్మీరకవు లిరువురును వేర్వేఱు చోట్ల నుంచినవి ముఖ్యముగా నీ జాతివే యని గమనింపఁదగును. రత్నప్రభాదులను జరపిన క్షేమేంద్రుఁడు పైఁ జెప్పిన తిప్పలో పడుటయు నిందుకు దృష్టాంతమే.

ఈ విభాగమును జేసికొని, అర్థక్రమమునే నమ్మి, మూఁడేండ్ల క్రిందట కార్తికమాసమున మా యింట పఠనము ప్రారంభించితిని. ముగ్గురు పాఠశాలా పండితులు, ఉద్యోగము విరమించిన గుమాస్త లిరువురు, బట్టల వర్తకుఁ డొకఁడు వచ్చుచుండిరి. దినమున కొక తరంగము. కథాపీఠము మొదలుకొని పదునొకండవ లంబకము వఱకును సోమదేవుని బాటనే నడచితిమి. పిమ్మటఁ బండ్రెండవదానిని ఆపి, పదునాలుగవదాని తొలిభాగమును ముందునకుఁ దెచ్చితిని. మదనమంచుక మాయమైనది. రాజగృహ మంతయు రోదనమునఁ బడినది. మానసవేగుని చెల్లెలు వేగవతి మదనమంచుకా రూపమున వచ్చి, నాయకుని మరల వివాహమాడి, పట్టుపడి, నిజము చెప్పినది. వినువా రందఱును ముందునకు వంగి కూర్చుండిరి. సరిగా నచ్చట నాపి, ఇప్పు డోదార్పు కథలు వినుఁడని పండ్రెండవ లంబకమును దెఱచితిని.

ఆ లంబకమున 36 తరంగములు. గ్రంథమంతటిలో నాలుగవవంతుకంటె నెక్కువ. మృగాంకదత్తుఁడు నాగశాపముచే మంత్రులనుండి విడివడి, ఉజ్జయినీరాజపుత్రికయైన శశాంకవతికై పోవుచుండఁగా మంత్రు లొక్కొక్కరు వచ్చి కలియుచు నెవరి కథ వారు చెప్పుదురు. అందొకఁడైన విక్రమకేసరి చెప్పు కథయే బేతాళపంచవింశతి. అచ్చటఁ గథ చెప్పు కంఠములు, సోమదేవుఁడు, నరవాహనదత్తుఁడు, పిశంగజటుఁడు, విక్రమకేసరి, బేతాళుఁడు అని కనీసమయిదు. దానిపై మదిరావతి యొక తరంగము, పద్మావతి యాఱు, విషమశీలుఁ డయిదు. మొత్తము 48 సాయంకాలములు. పుష్యమాసము వచ్చినది, పోయినది. బేతాళకథలకు శ్రోతలు మఱవని యానందము పొందిరి; ఆ మాట దాఁపను. కాని నేను మరలి పదునాలుగవ లంబకమున విడిచినచోటికి వచ్చి, వేగవతి యీ విధముగా ననెనని చదువఁగా, బట్టల వర్తకుఁడు వినయముగా “శాస్త్రులుగారూ, వేగవతి యెవరండీ?” అని యడిగెను. ప్రక్కనున్న గుమాస్తా “మన యేఱే గదా” యనెను. అందఱును నవ్విరి, నేనును నవ్వితిని. మా యూరి నానుకొని పాఱు నది పేరే నాయికకు నుండియు, ఆమె నొక్కరును జ్ఞాపకముంచుకొనలేకపోయిరి. వియోగము చల్లారిపోయినది. మదనమంచుక తిరిగి దొరకునో దొరకదో యను నాందోళనము ఎవరికిని మిగులలేదు.

మఱుసటి యేఁడు సోమదేవుని వరుసను దప్పక చదివితిని. పండ్రెండవ లంబకారంభమున నాయకుఁడు మదనమంచుకకై మూర్ఛిల్లఁగా, పండితులలో నొకరు, ఇంటనున్న భార్యకై యింత దుఃఖ మేల యని యాక్షేపించిరి. సమాధాన మిప్పుడు చెప్పనంటిని. ఆయన యా ప్రశ్నమును విడువక మనసునఁ బెట్టుకొని, 37 దినములు గడచి పదునాలుగవ లంబకమున నపహరణము రాఁగానే, తానే లేచి, అయ్యా, అచ్చటి దుఃఖ మిచ్చటిది, ముందుగా వచ్చి యుండినది అనెను. పిమ్మట పంచలంబకము నాలుగు తరంగములును, మహాభిషేకము రెండును ఏకప్రవాహముగా నడచిపోయినవి. ఆఱు సాయంకాలములలో అపహరణము, అన్వేషణము, పునస్సమాగమము, యుద్ధము, పట్టము. ఒక్కరును ఒక్కదినమును మానలేదు.

అప్పుడు గ్రంథారంభమున సోమదేవుఁడు చేసిన ప్రతిజ్ఞ నాకుఁ గ్రొత్తగా నర్థమైనది. మూలమును కొంచెమైన నతిక్రమింపలేదనియు, సంక్షేపమును భాషయు మాత్రమే భేదమనియుఁ జెప్పి, వెంటనే ఔచిత్యమును అన్వయమును గాపాడితిననియు, కథారసమునకు విఘాతము రానీయలేదనియుఁ జెప్పును. అన్వయశబ్దమును జూచి నేను గాలక్రమమే యని పొరపడితిని. వ్యాకరణపరిశ్రమ చేసినవాఁడనై యుండియు నీ తప్పు చేయుట సిగ్గుచేటు. వాక్యమున నన్వయము పదముల వరుస కాదు గదా, పదముల యాకాంక్ష. ఆకాంక్ష తీఱకుండ నడుమ 48 సాయంకాలముల వ్యవధానము పెట్టినచో వాక్యార్థబోధ యెట్లు కలుగును? ఆసత్తి చెడిన వాక్యము వాక్యమే కాదు. సోమదేవుఁడు ముప్పదియాఱు తరంగముల గిరిని వియోగమునకు నడుమ నుంచుటకంటె, వియోగమునకు ముందే దాని నుంచి, కాలవిరోధమును దాను నెత్తిన వేసికొనెను. మిగిలిన రెండింటిని కడపట స్మృతిగా నుంచెను. క్షేమేంద్రుని సంగ్రహమునకు వేగ మున్నది గావున నాతని కీ భయము లేదు. ఏడున్నరవేల శ్లోకములలో పదునెనిమిది లంబకములను ద్రోసినవానికి ఏ వరుసయైనను జెల్లును. విస్తరించి చెప్పఁబూనిన సోమదేవునకుఁ జెల్లదు. ఇరువురి క్రమభేదమునకు మూలప్రతులలోని భేదమును మాత్రమే కారణముగా వెదకిన యూరపుపండితులు, బిగ్గఱగాఁ జదివి వినిపించునపు డగు కాలపరిమాణమును లెక్కింపలేదని నా యభిప్రాయము.

ఇఁక బుధస్వామి మాట. ఆయన గ్రంథము 28 సర్గలతో నిలిచిపోయినది. అందు సురతమంజరి కథ మొదటనే యున్నది: అవంతివర్ధనుని వివాదమును దీర్చుటకుఁ జక్రవర్తి కశ్యపాశ్రమమున సభ చేయును, మునులు నీ వృత్తాంతమును జెప్పుమందురు, ఆతఁడు తన యిరువదియాఱు వివాహములను దానే చెప్ప నారంభించును. మనకుఁ గాశ్మీరములో వెనుకదలుపుగా నున్నది నేపాళములో సింహద్వారము. సోమదేవుఁడు ఆఱవలంబకాదిని, చక్రవర్తియైన నరవాహనదత్తుఁడు తన కథను ఇతరుని కథవలెఁ జెప్పెనని యొక మాట జార్చిపోవుట యా పాతద్వారపు గడపఱాయి వంటిది. కట్టడము మాఱినను ఱాయి మిగిలినది. దీనిని బట్టి కొందఱు విద్వాంసులు సురతమంజరితోనే పఠన మారంభింపవచ్చునందురేమో. ఒకమాఱు చదివినవారి కది రుచించును; తొలిసారి వినువానికిఁ గాదు. గోపాలకుఁ డెవఁడో, పాలకుఁ డెవఁడో, కశ్యపాశ్రమమున నందఱును ఎందుకుఁ జేరిరో యెఱుఁగనివానికి ఆ న్యాయసభలోఁ గూర్చుండ నోపిక యుండదు. వాసవదత్త పుట్టింటివారి కథ తెలిసిన పిదపనే యామె యన్నదమ్ముల కథ.

మఱి కొందఱు, ఇది సాగరము గావున నే ఘట్టమున దిగినను స్నానమే యందురు. బేతాళకథలకును, పంచతంత్రమునకును, శక్తిదేవుఁడు కనకపురిని వెదకిన కథకును ఈ మాట చెల్లును. పాఠశాలలలో విడిగాఁ జెప్పుకొనుట మంచిదే. కాని కథాపీఠమును విడుచువారితో నేను సమ్మతింపను. అందుఁ బాణిని మందబుద్ధియైన శిష్యుఁడుగా వర్ణింపఁబడుట వైయాకరణులకుఁ గంటకమే. మోదకశబ్దమును, నీటితో వద్దనెడు “మా ఉదక” యను పదవిభాగముతోఁ దెలియక రాజు భంగపడుట, ఆఱేండ్లలో వ్యాకరణము నేర్పెదనన్న గుణాఢ్యుని నోడించి శర్వవర్మ యాఱునెలలలో కాతంత్రముతో నేర్పివేయుట పాణినీయులమగు మాకు మఱింత కటువు. అయినను ఆ యోటమివలననే గుణాఢ్యుఁడు సంస్కృతప్రాకృతదేశభాషలను మూఁటిని విడిచి పైశాచి నాశ్రయించెను. ఏడేండ్లలో నేడులక్షల శ్లోకములను రక్తముతో వ్రాసెను. రాజు తిరస్కరింపఁగా మృగములు పక్షులు వినుచుండ నాఱులక్షలు అగ్నిలో వేసెను. మిగిలినది యేడవ చక్రవర్తి కథ మాత్రమే. మన మెంత జాగ్రత్తగా వరుస కూర్చినను, ఆఱు చక్రవర్తుల కథలు కాలిపోయిన పిమ్మటి యేడవదానిని జదువుచున్నామను నెఱుక కథాపీఠము చదివినవానికే కలుగును. నాయకుఁడు చక్రవర్తి యగునని నాలుగవలంబకమున నాకాశవాణి ముందే చెప్పివేయును గావున, తుది తెలిసిపోవునను భయముతో వరుస నిర్ణయించువా రిచ్చటఁ బొందునదేమియు లేదు.

సోమదేవుని వరుసలో నేనొక్క మార్పును మాత్రము కోరుదును. ఎనిమిదవదియైన సూర్యప్రభలంబకము ఏడు తరంగముల యుద్ధకథ. రత్నప్రభాలంకారవతుల గృహకథల నడుమ అది మధ్యాహ్నపు టెండవలె నుండును. రెండు మాఱులును మా శ్రోతలు తగ్గిన దచ్చటనే. అది నాయకుఁడు వినిన కథయే గాని పొందిన లంభము గాదు గావున దాని నెత్తుటకు దోషము లేదు. దానిని చతుర్దారికకుఁ బిమ్మట, క్షేమేంద్రుఁ డుంచిన చోటనే చదివినచో, మనుష్యుఁడై విద్యాధరత్వమును బొందిన శక్తివేగుని కథయు, మనుష్యుఁడై విద్యాధరచక్రవర్తి యైన సూర్యప్రభుని కథయు జంటగా నిలిచి, రాఁబోవు నాయకునకు రెండు పూర్వోదాహరణము లగును. ఒక్క చిక్కు గలదు: ఆ కథను వజ్రప్రభుఁడు దిగివచ్చి చెప్పునది యువరాజైన నరవాహనదత్తునకు, అయిదవలంబకాంతమున నాతఁ డింకను బాలుఁడు. ఆ సందర్భవాక్యములను మాత్రము విడిచి, కథను జదివి, వానిని స్వస్థానమునఁ జదువుట మంచిదని తోఁచుచున్నది. ఇది పాఠమును దిద్దుట కాదు, పఠనమునకు మాత్రమే. ప్రతిలో నొక్క యక్షరమును గదల్పరాదు.

ఈ కార్తికమున మూఁడవమాఱు ప్రారంభింపనున్నాము. సూర్యప్రభుని కొత్తచోట వినిన పిదప శ్రోతలు నిలుతురో లేరో చూచి, పండితులు కోరినచో నీ పత్రికకే వ్రాసెదను. బట్టల వర్తకుఁడు ఈమాఱు వేగవతి పేరును చీటిపై వ్రాసికొని తెచ్చెదనని ముందే చెప్పియున్నాఁడు.